గుండిగ అంచున ఒక కొండ

పొయ్యి ఇప్పుడే ఆపారు. గుండిగలో 20 లీటర్ల వర్ట్ ఇంకా కుతకుతమంటోంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి దింపిన తియ్యటి ద్రవం అది. ఈస్ట్ పడి పులిస్తే బీరవుతుంది. చేదు కోసం వేసిన హాప్స్ పువ్వులు గంటసేపు ఉడికి అందులో తుక్కుతుక్కుగా తిరుగుతున్నాయి. ఇప్పుడు దీన్ని ఇక్కణ్ణుంచి కదపాలి.

ఇద్దరు చెరోవైపు పట్టి ఒంపుదామంటే గిన్నెతో కలిపి పాతిక కిలోల బరువు. చెయ్యి జారితే ఏమవుతుందో అరిసెల పాకం పట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. వర్ట్ పాకమంత చిక్కన కాదు గానీ, ఆ మరుగుకు ఆ చిక్కదనం అక్కర్లేదు. చెంబుతో తోడదామంటే చెయ్యి పడిపోతుంది. ఇక మిగిలింది సైఫన్.

సైఫన్ మనకేమీ కొత్త కాదు. డ్రమ్ములోంచి కిరోసినో, ట్రాక్టరు ట్యాంకులోంచి డీజిలో రబ్బరు గొట్టంతో తీయడం చూడనివాళ్లు ఒక తరం కిందట ఎవరూ లేరు. ఒక కొస లోపల ముంచాలి, రెండో కొస నోట పెట్టుకుని ఒక్క గుక్క పీల్చాలి, చప్పున కిందికి వదలాలి. పీల్చడం ఒక క్షణం ఎక్కువైతే ఆ రోజంతా నోట్లో కిరోసిన్ కంపే. ఆ గుక్క 95 డిగ్రీల వర్ట్‌దైతే కంపుతో పోదు.

వేడికి తట్టుకునే సైఫన్ కావాలన్న కోరిక పుట్టింది అక్కడే. దానికి ఒక ఆవిష్కర్త లేడు, ఒక తారీఖూ లేదు. గ్యారేజీల్లో, పెరటి పాకల్లో బీరు కాచుకునే మామూలు మనుషులు తలా ఒక ముక్క కలిపి తయారుచేసుకున్న పనిముట్టు ఇది. వాళ్లంతా మొదట వెతికింది కరగని గొట్టం కోసం. చివరికి దొరికింది వేరే సంగతి.

చట్టం వదిలిన చోట

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. అది ఎత్తేశాక ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది గానీ, బీరు మాత్రం ఆ జాబితాలోకి ఎక్కలేదు. ఆ లోటు తీరడానికి 45 ఏళ్లు పట్టింది. 1978 అక్టోబర్ 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక బిల్లు మీద సంతకం చేశాడు. మరుసటి ఫిబ్రవరి నుంచి ఇంట్లో వయసొచ్చినవాళ్లు ఒకరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో ఆపైనో ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. 100 గ్యాలన్లంటే సుమారు 380 లీటర్లు. బ్రిటన్ అంతకు 15 ఏళ్ల ముందే, 1963లో, ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదని తేల్చేసింది. మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాస్తే ఇప్పటికీ ఎక్సైజ్ కేసే, అందుకే ఈ కథ మన గడప దాటి బయటే నడుస్తుంది.

కార్టర్ సంతకం పెట్టిన ఏడాదే కొలరాడోలోని బౌల్డర్ ఊళ్లో చార్లీ పపేజియన్, చార్లీ మాట్జెన్ కలిసి అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ మొదలుపెట్టారు. బౌల్డర్ సముద్రమట్టానికి 1,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఈ అంకె కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల పద్ధతి తేలిక. డబ్బాలో దొరికే మాల్ట్ పాకం తెచ్చి, వంటింటి పొయ్యి మీద ఏడెనిమిది లీటర్లు మరగబెట్టి, గిన్నెను సింకులో చన్నీళ్లలో కూర్చోబెట్టి, పైన మరిన్ని చన్నీళ్లు కలిపేస్తారు. వాళ్లకు సైఫన్‌తో పనిపడేది బీరు పులిసి, చల్లబడి, సీసాల్లోకి పోసుకునేటప్పుడే. దానికి ప్లాస్టిక్ గొట్టం దివ్యంగా సరిపోతుంది.

చెయ్యి తిరిగాక డబ్బా పాకంతో తృప్తి ఉండదు. బార్లీ తామే నానబెట్టుకుని మొత్తం 20, 25 లీటర్లూ ఒకేసారి మరగబెడతారు. అంత పెద్ద గుండిగ సింకులో పట్టదు. ఈస్ట్ వెయ్యాలంటే 100 డిగ్రీల నుంచి 20కి దించాలి, అదీ త్వరగా. దానికి రెండు దారులు. రాగి గొట్టం చుట్టను గుండిగలోనే దించి దానిలోంచి చన్నీళ్లు పారించడం మొదటిది. తోటకు నీళ్లు పెట్టే పైపులో సన్నటి రాగి గొట్టం దూర్చి, లోపలి గొట్టంలో వర్ట్ ఒక వైపుకు, బయటి పైపులో చన్నీళ్లు ఎదురు వైపుకు పారించడం రెండోది. ఎదురెదురుగా నడిచే ఈ పద్ధతి చురుకైనది. కాకపోతే వర్ట్ గుండిగలోంచి సలసలమంటూనే బయటికి రావాలి.

ఆస్ట్రేలియాలో మూడో దారి పుట్టింది. కరువుల దేశంలో చల్లబరచడానికి డ్రమ్ములకొద్దీ నీళ్లు ఒలకబొయ్యడం ఎందుకని, వేడి వర్ట్‌ను తిన్నగా గట్టి ప్లాస్టిక్ క్యాన్‌లోకి నింపి, మూత బిగించి, తెల్లారేదాకా వదిలేస్తారు. ఆ వేడికే క్యాన్ లోపలి క్రిములు చస్తాయి. ఇక్కడా అదే చిక్కు. వర్ట్ వేడిగానే అంచు దాటాలి.

మెత్తబడిన గొట్టాలు

ఇంటి బీరు దుకాణాల్లో దొరికే సైఫన్ చూడ్డానికి సైకిల్ పంపులా ఉంటుంది. లావుపాటి గొట్టంలో సన్నటి గొట్టం. కింద ఒకే వైపు తెరుచుకునే చిన్న కవాటం. లోపలి గొట్టాన్ని ఒకసారి పైకి లాగి కిందికి నొక్కితే ద్రవం వంపు దాటి కిందికి దూకుతుంది. నోరు పెట్టక్కర్లేదు, ఎంగిలీ లేదు. చల్లటి బీరుకు ఇంతకన్నా సుఖం లేదు.

దాన్నే వేడి వర్ట్‌లో ముంచితే కథ మారిపోతుంది. తేటగా గాజులా కనిపించే ప్లాస్టిక్ మసకబారుతుంది, వంగుతుంది, బిరడాలాంటి రబ్బరు చుట్టు ఉబ్బి బిగుసుకుపోతుంది. దానికి తగిలించే మామూలు వినైల్ గొట్టం 80 డిగ్రీల దగ్గరే ఉడికిన సేమ్యాలా వాలిపోతుంది. పైగా అది నలిగేది సరిగ్గా వంపు దగ్గరే. అక్కడ లోపలి పీడనం బయటి గాలి కన్నా తక్కువ, కాబట్టి మెత్తబడ్డ గోడను గాలి నొక్కేస్తుంది. పాలికార్బొనేట్ 140 డిగ్రీల దాకా నిలుస్తుంది గానీ, మరిగే నీళ్లలో పదేపదే నానితే బీటలు తీస్తుంది.

ప్లాస్టిక్ పక్కకు తప్పుకుంటే లోహం ముందుకొస్తుంది. రాగి బీరుకు పాత చుట్టం. ఇంగ్లండులో వర్ట్ మరగబెట్టే గుండిగకే ‘కాపర్’ అని పేరు. ప్లంబర్ల దగ్గర దొరికే సన్నటి రాగి గొట్టాన్ని ఊతకర్ర పిడిలా వంచితే సైఫన్ తల సిద్ధం. ఊరికే వంచితే మడత పడి దారి మూసుకుపోతుంది కనుక, లోపల సన్నటి ఇసుక దట్టించి, కొసలు మూసి, మెల్లగా వంచి, తర్వాత ఇసుక దులిపి కడుగుతారు. రాగి చెయ్యి కాలుస్తుంది కాబట్టి పట్టుకునే చోట ఒక తొడుగు.

వంపు దిగాక కావలసింది మెత్తటి గొట్టం. దానికి జవాబు రెండో ప్రపంచయుద్ధం నాటికే తయారైంది. 1940లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త యూజీన్ రోకో సిలికోన్లను చవగ్గా తయారుచేసే దారి కనిపెట్టాడు. వేడి యంత్రాల కీళ్ల మధ్య బిగించే రబ్బరుగా మొదలైన ఆ పదార్థం తర్వాత ఆసుపత్రికి, వంటింటికి నడిచొచ్చింది. 200 డిగ్రీల దాకా దానికి చలనం ఉండదు, వాసనా ఉండదు. అది మెత్తన కాబట్టి గోడ మందంగా ఉన్నదే ఎంచుకోవాలి, అంతే.

రాగి తల, సిలికోన్ తోక. కరగని గొట్టం దొరికింది. కథ ఇక్కడితో అయిపోవాలి.

అవ్వలేదు. గొట్టం చెక్కుచెదరకుండా ఉంది, ధార మాత్రం మొదలైనట్టే మొదలై ఆగిపోతోంది. వంపు నెత్తిన ఒక బుడగ పుడుతుంది, చూస్తూండగానే పెద్దదవుతుంది, ధార రెండుగా తెగి ఇటు సగం గుండిగలోకి, అటు సగం కిందికి జారిపోతుంది. కీలు దగ్గర గాలి పీలుస్తోందేమోనని బిగించి చూస్తారు, మళ్లీ అంతే. అదే సైఫన్ చన్నీళ్లలో పెడితే చివరి చుక్క దాకా లాగేస్తుంది.

జెనోవా నుంచి ఒక ఉత్తరం

ఈ బుడగ వయసు నాలుగు వందల ఏళ్లు. 1630 జులైలో ఇటలీలోని జెనోవా నుంచి జొవాన్ని బట్టిస్టా బలియాని గెలీలియోకు ఒక ఉత్తరం రాశాడు. దాదాపు 21 మీటర్ల ఎత్తున్న కొండ మీదుగా నీళ్లు దాటించడానికి ఒక సైఫన్ వేశాననీ, అది పనిచెయ్యలేదనీ, కారణమేమిటనీ దాని సారాంశం. సైఫన్ మనిషికి అప్పటికే ఎంతో పాతది. ఈజిప్టులో సుమారు మూడున్నర వేల ఏళ్ల కిందటి చిత్రాల్లోనే జాడీల్లోంచి ద్రవాలు తోడే వంపు గొట్టాలు కనిపిస్తాయి. అలెగ్జాండ్రియాకు చెందిన హెరోన్ తన పుస్తకంలో వాటి గురించి విస్తారంగా రాశాడు. అన్నేళ్లూ పనిచేసినది ఈ కొండ దగ్గర ఎందుకు మొరాయించింది?

గెలీలియో ఇచ్చిన జవాబు మోకుతో పోలిక. మోకును మరీ పొడుగ్గా వేలాడదీస్తే తన బరువుకు తానే తెగుతుంది, నీటి స్తంభమూ అంతేనన్నాడు. 1638 నాటి తన పుస్తకంలో పంపులు నీళ్లను 18 మూరలకు మించి లాగలేవని కూడా రాశాడు. తెగడం నిజమే గానీ, అంతవరకూ పట్టి ఉంచేది ఏమిటన్నది ఆయనకు దొరకలేదు. ఆయన శిష్యుడు తొరిచెల్లి 1640లలో పాదరసం నింపిన గాజు గొట్టంతో ఆ చెయ్యి ఎవరిదో చూపించాడు. మన నెత్తిన ఉన్న గాలిది. అది నీటిని మోయగలిగేది సుమారు 10 మీటర్లే. బలియాని కొండ దానికి రెట్టింపు.

సైఫన్‌ను మన బావి గిలకతో పోల్చుకోవచ్చు. గిలకకు ఒక పక్క పొట్టి చేంతాడు, ఇంకో పక్క పొడుగు చేంతాడు ఉంటే బరువైన పొడుగు పక్క కిందికి దిగుతూ పొట్టి పక్కను పైకి లాగుతుంది. సైఫన్‌లో కిందికి దిగిన కాలు చేసే పని అదే. లాగేది బరువు. నీటి చేంతాడు మధ్యలో తెగిపోకుండా రెండు కొసల నుంచీ అదిమి పట్టుకునేది గాలి. ఈ తేడా దగ్గర పెద్దపెద్దవాళ్లే తడబడ్డారు. సైఫన్ గాలి పీడనం వల్లే నడుస్తుందని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు 1911 నుంచీ చెబుతోందని, అది సరికాదని ఆస్ట్రేలియా భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హ్యూజ్ 2010లో పట్టుకున్నాడు. 2015లో ఆయన బృందం గాలి బుడగలన్నీ తీసేసిన నీళ్లతో 15 మీటర్ల సైఫన్ నడిపి చూపించింది కూడా. బుడగ పుట్టడానికి ఆధారం లేకపోతే నీరు తనను తానే పట్టుకుంటుందన్నమాట. హాప్స్ తుక్కు, మాంసకృత్తుల ముద్దలు, సన్నటి గాలి బుడగలు నిండిన వర్ట్‌కు ఆ అదృష్టం లేదు.

పెట్టుబడి, ఖర్చు

ఇప్పుడు గుండిగ దగ్గరికి రండి. గాలి ఇచ్చే 10 మీటర్లను పెట్టుబడి అనుకోండి. నీరు వేడెక్కే కొద్దీ దానిలోంచి ఆవిరి బయటికి తోసుకొస్తుంది, గాలి నొక్కును అది కొంత ఎదురు నొక్కుతుంది. అంటే వేడి మన పెట్టుబడిలోంచి తన వాటా ముందే కోసుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర ఆ కోత లెక్కలోకి రానిది, 10 మీటర్లూ మనవే. 80 డిగ్రీలకు మిగిలేది ఐదున్నర మీటర్లు. 90కి 3.3 మీటర్లు. 95కి 1.8 మీటర్లు. 98కి ముప్పావు మీటరు. 100కి ఏమీ మిగలదు. మరగడమంటే అదే కదా, ఆవిరి నొక్కు గాలి నొక్కుతో సమానం కావడం. సలసల కాగే ద్రవాన్ని వంపు మీదుగా వేలెడు ఎత్తు కూడా లాగలేం. బంగారంతో చేసిన గొట్టం తెచ్చినా అంతే.

బలియాని 21 మీటర్ల కొండ దగ్గర ఓడిపోయాడు. వేడి పెరిగే కొద్దీ ఆ కొండ కుంచించుకుపోతూ వచ్చి చివరికి గుండిగ అంచయి కూర్చుంది.

ఇక ఖర్చుల పద్దు. గుండిగ లోతు 40 సెంటీమీటర్లు, వంపు అంచుకు 5 సెంటీమీటర్లు పైన అనుకుందాం. నిండుగా ఉన్నప్పుడు ఎక్కాల్సిన ఎత్తు జానెడే. అడుగంటే కొద్దీ అది 45 సెంటీమీటర్లవుతుంది. ధార సెకనుకు ఒక మీటరు వేగంతో పోతుంటే ఆ వేగానికి ఇంకో 5 సెంటీమీటర్లు. గొట్టం గోడల రాపిడికి 10, 20. గొట్టం మూతికి తొడిగిన జాలీకి హాప్స్ అడ్డం పడితే ఆ ఖర్చుకు లెక్కే లేదు. మొత్తం ముప్పావు మీటరు దగ్గర తేలుతుంది, అంటే 98 డిగ్రీల దగ్గర ఉన్న పెట్టుబడంతా. అందుకే ధార తెగుతుంది. మూడు డిగ్రీలు తగ్గనిస్తే పెట్టుబడి రెండింతలు దాటుతుంది.

బౌల్డర్ గుర్తుందా? అంత ఎత్తున గాలి పలచన, నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. సముద్రం ఒడ్డున హాయిగా నడిచే 95 డిగ్రీల సైఫన్ అక్కడ ఒక్క చుక్క కదపదు. కాబట్టి అంకెను బట్టీపట్టి లాభం లేదు. ఏ ఊరి మరుగు దగ్గర నుంచి ఆ ఊరు లెక్కపెట్టుకోవాలి. హైదరాబాద్‌లో అయితే అది 98 డిగ్రీలు. తమ ఊరి మరుగుకు ఒక ఐదు డిగ్రీలు దిగువకు వస్తే ఎక్కడైనా ఒకటిన్నర మీటరు చేతిలో ఉంటుంది.

పనిముట్టు కుదిరిన తీరు

లెక్క తెలిశాక పనిముట్టు రూపం దానంతట అదే తేలుతుంది. వంపు వీలైనంత పొట్టిగా, అంచుకు ఆనించి ఉండాలి. వంపు దాకా గొట్టం లోహమే కావాలి, అక్కడ గోడ నలగకూడదు. ధారను తగ్గించే క్లిప్పు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మన అలవాటుకు ఎదురు. కుళాయి ఎప్పుడూ పాత్ర దగ్గరే ఉండాలని చెయ్యి కోరుతుంది. అక్కడ బిగిస్తే వంపు దగ్గర పీడనం ఇంకా పడిపోయి ధార తెగుతుంది. క్లిప్పు గొట్టం చిట్టచివర, కింద, ఉండాలి. అక్కడ బిగించే కొద్దీ వంపు దగ్గర పీడనం పెరుగుతుంది. అలాగని మరీ బిగించకూడదు. ధార మందగిస్తే చిన్నచిన్న బుడగలు కొట్టుకుపోకుండా వంపు నెత్తిన చేరి జతకడతాయి. గొట్టం వెడల్పయినా అదే గొడవ, సన్ననైతే రాపిడి. అందుకే చిటికెన వేలి లావు గొట్టం దగ్గర బేరం కుదురుతుంది.

జాలీ సంగతికి జవాబు జాలీ కాదు. పొయ్యి ఆపాక పెద్ద గరిటెతో వర్ట్‌ను ఒకే దిక్కుకు గిరగిరా తిప్పి వదిలేస్తారు. తుక్కంతా అంచులకు పోతుందనుకుంటాం గానీ, అడుగున నడిమధ్య కుప్పపడుతుంది. టీ కప్పులో ఆకు మధ్యకు చేరడం ఇదే. ఎందుకలా అన్నది ఐన్‌స్టీన్ 1926లో వివరించాడు. అడుగున రాపిడికి నీటి తిరుగుడు మందగించి, లోపలికి లాగే ఒక ప్రవాహం పుడుతుంది. తుక్కు మధ్యలో దిబ్బ కట్టాక సైఫన్ కాలు గోడ పక్కన దించితే తేట వర్టే ఎక్కుతుంది.

తుక్కు కూర్చోవడానికి ఒక పావుగంట ఆగాలి. ఆ పావుగంటలో మూత తీసిన గుండిగ ఊరికే ఉండదు. ఆవిరి పోతూ పోతూ వేడిని వెంట తీసుకుపోతుంది, కావలసిన నాలుగైదు డిగ్రీలూ దానంతట అవే దిగుతాయి. హాప్స్ కోసం ఆగిన ఆ పావుగంటే ధార తెగకుండా కాపాడుతుంది. కరగని గొట్టం కోసం దుకాణాలన్నీ తిరిగినవాళ్లకు కావలసినదానిలో సగం గడియారంలో ఉంది.

ఈ రోజుల్లో అడుగున కుళాయి బిగించిన స్టీలు గుండిగలు వచ్చాయి. వంపూ లేదు, ఎక్కుడూ లేదు. దానికి పంపు తగిలిస్తే మాత్రం పాత పాఠమే మళ్లీ ఎదురవుతుంది. పంపును గుండిగ కన్నా కింద పెట్టాలి, ధారను బయటికి పోయే వైపే బిగించాలి. లోపలికి వచ్చే వైపు బిగిస్తే పంపు కడుపులో వర్ట్ మరిగి గరగరమంటుంది.

గుండిగకు చిల్లు పొడవడానికి మనసొప్పనివాళ్లు, పాత గుండిగనే వదలనివాళ్లు ఇంకా రాగి వంపునే నమ్ముకున్నారు. వాళ్లు దాన్ని మొదలుపెట్టే పద్ధతిలో పంపు లేదు, కవాటం లేదు, నోటి గుక్క లేదు. గొట్టం నిండా కాచి చల్లార్చిన నీళ్లు పోస్తారు, రెండు మీటర్ల గొట్టానికి ఒక గ్లాసుడు చాలు. కింది కొస క్లిప్పుతో నొక్కి, పై కొసను బొటనవేలితో మూసి, వర్ట్‌ను తాకబోయే ముందు వేలు తీసి, వంపు అంచు మీద ఆనేదాకా రాగి కాలును నెమ్మదిగా లోపలికి దించుతారు. పావుగంట గడిచింది. తిరుగుడు ఆగింది, పొగ పలచబడింది. కింద ఒక మగ్గు పెట్టి క్లిప్పు వదులుతారు. ముందు తెల్లటి నీళ్లు వస్తాయి. ఆ వెనకే ధార పసుపెక్కుతుంది, గోధుమరంగుకు తిరుగుతుంది, మగ్గులోంచి బార్లీ వాసన లేస్తుంది. మగ్గు పక్కకు జరిపి గొట్టాన్ని చల్లార్చే రాగి చుట్టకు తగిలిస్తారు. వంపు నెత్తిన బుడగ లేదు.